జీవానందం గారి సంతాప దినం

జులై 12, శనివారం

సార్ పోయారు. ఉదయం ఆరున్నరకు. గుండె.

నిన్న సాయంత్రం కూడా నేను రాసిన దావాలో రెండు పేరాలు కొట్టేసి, "ఇది కరపత్రం కాదు రాజూ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వెళ్లొస్తానని చెప్పకుండా వచ్చేశాను.

జులై 13, ఆదివారం

ఆరాధన ముగిశాక సమాధి చేశారు. కొనకనమిట్ల మండలంలో వాళ్ల ఊరి చివర, కూలికి పోయి ఆయన్ని చదివించిన తండ్రి పక్కనే. హైదరాబాదు నుంచి పదకొండు కార్లు వచ్చాయి. ఆరేళ్లుగా ఆయన ప్రాక్టీసు చేస్తున్న మా బార్ నుంచి వచ్చింది నలుగురు. గుమస్తా స్టీఫెన్ అన్నను కలిపితే ఐదుగురు.

హైదరాబాదు వాళ్లలో ఒక తెల్లజుట్టు మనిషి మట్టి వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. సిమెంటు కంపెనీలో డైరెక్టరట. అలాంటివాళ్లు ఏడుస్తారని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. దొంగ ఏడుపేమోనని చాలాసేపు చూశాను. కాదు.

మా ఊరి నుంచి ఏడుకొండలు మామ, మరో ఇరవై మంది ట్రాక్టరులో వచ్చారు. అందరూ గొర్రెల కాపర్లే. సమాధి దగ్గర నుంచి వస్తూ మామ నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, బుధవారం గదా మన వాయిదా. స్టే సంగతి ఎట్ల మరి?"

"నేను లేనా మామా?"

"ఉండావులే. ఆయనా ఉండె, నువ్వూ ఉండావు. చింతచెట్టూ చెట్టే, చిట్టీతచెట్టూ చెట్టే."

అందరూ నవ్వారు. సమాధుల మధ్యన. నేను నవ్వలేదు.

ఎర్రబీడు మూడు వందల పన్నెండు ఎకరాలు. మా తాత మేపిన బీడు, మా నాయన మేపిన బీడు, మా ఊరి ఆరు వేల జీవాలు ఎండాకాలం నీళ్లు తాగే కుంట ఉన్న బీడు. సోలార్ కంపెనీకి లీజుకు ఇచ్చేశామంటూ ఎవరో కాగితం చూపిస్తున్నారు. మా దావా ఏడుకొండలు మామ పేరు మీదే ఉంది. కంచె స్తంభాలు ఏడు నెలలుగా రోడ్డు పక్కన దొంతర్లు పెట్టి ఉన్నాయి. ఒక్క స్తంభం కూడా పాతనీయకుండా ఏడు నెలలుగా సార్ స్టే మీద ఆపారు. ప్రతి వాయిదాకూ వెళ్లి, మళ్లీ వాయిదా దాకా పొడిగించుకు వచ్చేవారు. ఇప్పుడున్నది బుధవారం దాకానే.

నేను లేనా?

జులై 14, సోమవారం

బార్‌లో రెండు నిమిషాలు మౌనం పాటించారు. గడియారం చూసుకుంటూ పాటించారు. అది కాగానే ప్రెసిడెంటు బాలకృష్ణ గారు "సరే, ఇంక కోర్టుకు పోదాం" అన్నారు.

అంతేనా అని అడిగాను. ఏ వకీలు పోయినా ఒక రోజు విధులు బహిష్కరిస్తాం కదా, సార్‌కు ఎందుకు లేదు?

"నీ గురువు గొప్పోడే, కాదనడం లేదు" అన్నారు బాలకృష్ణ గారు. "ఇరవై రెండేండ్లు హైదరాబాదులో కంపెనీలకు పనిజేసినాడు. గుండె బాగలేక ఇక్కడికి వచ్చినాడు. మనోడని ఎట్లంటాం అబ్బా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "పోయిన నెల మనం బాయికాట్ జేసిన పొద్దు ఆయనేం జేసినాడు? తాను బయట నిలబడి కక్షిదారును లోపలికి తోలినాడు. 'అయ్యా, స్టే పొడిగించండి' అని వానితోనే చెప్పిచ్చినాడు. అప్పుడు మనం గుర్తుకు రాలా?"

అది నిజమే. ఆ రోజు నాకు సార్ మీద సిగ్గేసింది. సమ్మె అంటే సమ్మె. కంపెనీల దగ్గర నేర్చిన తెలివి ఇక్కడ చూపించారని ఆ రాత్రి ఇదే పుస్తకంలో రాశాను. కానీ చనిపోయిన మనిషి గురించి అలా మాట్లాడుతుంటే ఊరుకోలేకపోయాను. అరిచాను. దళిత కూలీ కొడుకు కాబట్టి ఆయన మీకు మనవాడు కాలేదు, అదే మీ వీధి మనిషి అయితే మూడు రోజులు మూసేవాళ్లు అన్నాను. కుర్చీ తన్నాను. తన్నలేదు, కాలు తగిలింది.

చివరికి తీర్మానం చేశారు. రోజంతా బహిష్కరణ. పదకొండు గంటలకు బార్ హాల్లో సంతాప సభ. సార్ వృత్తి జీవితం గురించి నేను మాట్లాడాలి.

రోజు బుధవారం అని నిర్ణయమైంది.

స్టే గడువు తీరే రోజే. ఏం కాదు. బహిష్కరణ రోజు కోర్టు అన్ని కేసులకూ తేదీ మారుస్తుంది, స్టేలు వాటంతట అవే సాగుతాయి. ఎప్పుడూ అంతే.

జులై 15, మంగళవారం

ప్రసంగం కోసం సార్ భార్య సుశీలమ్మ గారి దగ్గరకు వెళ్లాను. సార్ బల్ల అలాగే ఉంది. ఆమె అల్లం టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. కంపెనీల కొలువు మీద విరక్తి కలిగి, ఆ జీతాన్ని కాలదన్ని పేదల కోసం సార్ సొంత ఊరికి వచ్చిన రోజు గురించి చెప్పమని అడిగాను.

"కాలదన్నలేదు నాయనా" అంది. "రెండు స్టెంట్లు పడినాక డాక్టరు ఆ పని ఇంక వద్దన్నాడు. ఇక్కడికొచ్చి ఊరికే కూచోలేక బోర్డు పెట్టినాడు."

"ఆ కంపెనీలకు చేసిన పని గురించి ఎప్పుడూ బాధపడలేదా అమ్మా?"

"ఎందుకు బాధపడాల? ఆ పని ఆయనకు పానం. రెండు కంపెనీలు కలుస్తున్నాయంటే మూడు నెలలు ఇంట్లో నడవడానికి సందుండేది గాదు, అన్నీ పెట్టెలే. కాగితం వెంట కాగితం జదివేటోడు. పెద్ద పెద్దోళ్లు గూడా ఈయన చూసినాడా అని అడిగి పెన్ను తీసేటోళ్లు." నవ్వింది. "కూలోళ్ల పిల్లోడు, వాళ్ల మధ్యన సూటేసుకొని కూచుంటే నాకెంత గర్వమో. నువ్వు దాన్ని పాపమని రాస్తావా ఏంది?"

రాయను అన్నాను. అప్పటికే రాసేశాను.

ఇంకో సంగతి చెప్పింది. హైదరాబాదులో సార్‌కు పని నేర్పిన గురువు చనిపోయిన రోజు ఆఫీసంతా శ్మశానానికి వెళ్లిందట. సార్ మాత్రం కోర్టుకు వెళ్లారట, ఆ రోజుతో ఏదో స్టే గడువు తీరిపోతుందని. నల్లకోటుతోనే శ్మశానానికి పరుగెత్తుకొచ్చేసరికి చితి ఆరిపోయిందట. "అందరూ తిట్టినారు. ఈయన మాత్రం 'ఆయన బతికుంటే కోర్టుకే పొమ్మంటాడు' అన్న్యాడు, అంతే."

అది ప్రసంగంలో పెట్టను. సభలో చెబితే సార్ పరువు పోతుంది.

సాయంత్రం స్టీఫెన్ అన్న గదికి వచ్చాడు. "తమ్ముడూ, రేపు ఏడుకొండలు మామను లోపల నిలబెడదామా? పిలుపు వచ్చినప్పుడు చెయ్యెత్తి ఒక్క మాట అడిగితే సరిపోతది. సార్ అట్లనే జేసేటోడు."

"సార్ సంతాప దినాన సార్ కక్షిదారే కోర్టు మెట్లెక్కితే బార్ ఏమంటుంది అన్నా? నేను కొట్లాడి తెచ్చుకున్న రోజు."

"బార్ సంగతి గాదు తమ్ముడూ, బీడు సంగతి."

"ఏం కాదు."

మామకు ఫోన్ చేశాను. రేపు అందరూ కోర్టుకు కాదు, బార్ హాలుకు రావాలని చెప్పాను. ముందు వరసలో కూర్చోవాలని చెప్పాను.

జులై 16, బుధవారం

సభ గొప్పగా జరిగింది. ఇంత మంది వస్తారని అనుకోలేదు. పటానికి బంతిపూల దండ. ముందు వరసలో మా కాపర్లు, భుజాల మీద తువ్వాళ్లతో. నేను ముప్పావు గంట మాట్లాడాను. కంపెనీ కొలువును గడ్డిపోచలా వదిలేసి మట్టిమనుషుల్లోకి తిరిగి వచ్చిన మేధావి అన్నాను. చప్పట్లు కొట్టారు. సుశీలమ్మ గారు తల దించుకుని కూర్చుంది. మధ్యలో ఏడుకొండలు మామ కదిలిపోయి లేచి నిలబడ్డాడు. కూర్చోమని చేయి చూపాను. కూర్చున్నాడు. బాలకృష్ణ గారు కూడా తర్వాత వచ్చి భుజం తట్టారు.

స్టే పోయింది.

పదకొండున్నరకు కేసు పిలిచారు. మా తరఫున ఎవరూ లేరు. కంపెనీ వకీలు విజయవాడ నుంచి వచ్చాడు, మా బార్ తీర్మానంతో అతనికి పని లేదు. లోపలికి వెళ్లి నిలబడ్డాడు. హాజరు లేదు, పొడిగింపు కోరినవారు లేరు, కాబట్టి పొడిగించలేదు. మూడు ముక్కలు.

ఒక మనిషి చనిపోయిన సంతాప దినాన కోర్టులో నిలబడటానికి ఆ వకీలుకు మనసెలా వచ్చింది?

జులై 17, గురువారం

తెల్లవారగానే మా అమ్మ గురమ్మ ఫోన్ చేసింది. "రాజా, బీడు కాడ రెండు మిషన్లు దిగినాయిరా. మనుషులు యాభై మంది దాకా ఉండారు. గుంతలు తీస్తన్నారు."

బండి మీద వెళ్లాను. రోడ్డు వైపు అప్పటికే పది స్తంభాలు నిలబడ్డాయి. మా వాళ్లు గొర్రెలను అడ్డం తోలి కూర్చున్నారు. పోలీసులు వచ్చి, ఇప్పుడు స్టే ఏదీ లేదు కదా అని లేపారు. నేను గట్టు ఎక్కి మాట్లాడాను. ఇది కోర్టూ కంపెనీ కలిసి ఆడిన నాటకమని చెప్పాను. మన కన్నీళ్లను కూడా ఆయుధంగా వాడుకున్నారని చెప్పాను. మామ అందరి కంటే ముందు తలూపాడు.

మధ్యాహ్నం కోర్టుకు వచ్చి అత్యవసర పిటిషన్ వేశాను. బార్ తీర్మానం వల్ల హాజరు కాలేకపోయాం అని కారణం రాశాను. జడ్జి గారు చదివి పక్కన పెట్టారు.

"వకీళ్ల బహిష్కరణ కారణం కాదని పై కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మీకు తెలియదా? అసలు కారణం ఏదైనా ఉంటే ప్రమాణ పత్రంతో రండి. ఈ రోజే వేసినా వింటాను."

వాదించాను. గొంతు పెరిగింది. కూర్చోమన్నారు.

అసలు కారణమట. అంతకంటే అసలు కారణం ఏముంది?

జులై 18, శుక్రవారం

ప్రమాణ పత్రం వేయలేదు. ఏం రాయాలో తెలియలేదు.

పడమటి వైపు కంచె అయిపోయింది.

జులై 19, శనివారం

ఊళ్లో ఉన్నాను. గడ్డి ఇప్పుడే మొలిచింది, వాన పడి పదిహేను రోజులైంది. జీవాలు అలవాటు ప్రకారం బీడు వైపే నడుస్తాయి. కంచె దగ్గర ఆగి, తీగల మధ్య మూతులు పెట్టి నిలబడతాయి. వెనక్కి తోలితే మళ్లీ తిరుగుతాయి. మా నాయన కర్ర కింద పడేసి రోడ్డు మీద కూర్చున్నాడు.

అమ్మ అన్నది. "ఆ సారు ఉన్న్యప్పుడు ఏడు నెల్లు ఒక్క గుంత పడలా. ఆయన పోయి నాలుగు దినాలకే ఇట్లయింది. ఎట్లరా?"

"జడ్జి" అన్నాను.

"జడ్జి అప్పుడూ ఆయప్పే గదరా" అంది.

జులై 20, ఆదివారం

ఇప్పుడు ఇది రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

బుధవారం అని చెప్పింది నేను. సోమవారం బార్‌లో బాలకృష్ణ గారు "సరేనబ్బా, కుర్చీలు తన్నొద్దు, ఏ రోజో నువ్వే చెప్పు" అన్నారు. మంగళవారం అనవచ్చు. గురువారం అనవచ్చు. బుధవారం అన్నాను. ఎందుకంటే ఆ రోజు కంపెనీ వకీలు వస్తాడు. ఆ ఖాళీ కోర్టును అతను చూడాలి. సార్ అంటే ఇక్కడ ఎంత గౌరవమో అతను వెళ్లి తన కంపెనీకి చెప్పుకోవాలి. అదీ నా లెక్క.

ఇంకొకటి ఉంది.

కోర్టు హాలుకూ బార్ హాలుకూ మధ్య ఒక వసారా. కిటికీలు తెరిచే ఉన్నాయి. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. "ఏడుకొండలూ" అని. మొదటి పిలుపుకు మామ తల తిప్పాడు. రెండో పిలుపుకు లేచి నిలబడ్డాడు. నా ప్రసంగానికి కదిలిపోయి కాదు. నా వైపు చూశాడు, వెళ్లమంటావా అన్నట్టు.

పిలుపు నాకు వినిపించింది.

నేను మంచి వాక్యం మధ్యలో ఉన్నాను. హాలంతా నన్నే చూస్తోంది. చేయి చూపాను, కూర్చోమని. మూడో పిలుపు కూడా విన్నాను. ఆ తర్వాత గొంతు కాస్త పెంచాను.

గురువారమే ఇది రాసిచ్చి ఉంటే పది స్తంభాల దగ్గర ఆగేది.

జులై 21, సోమవారం

ప్రమాణ పత్రం వేశాను. వకీలు చేసిన తప్పుకు కక్షిదారు నష్టపోకూడదు, అడగడానికి మిగిలిన దారి అదొక్కటే. కాబట్టి తప్పు నాదని రాయాలి. ఇంగ్లీషులో రాశాను. బహిష్కరణ తేదీని నేనే సూచించానని, వాదిని కోర్టుకు రావద్దని నేనే చెప్పానని, పిలుపు విని కూడా లేచినవాడిని నేనే కూర్చోబెట్టానని. నాలుగు పేరాలు. ఒక్క విశేషణం లేదు.

స్టీఫెన్ అన్న టైపు చేస్తూ మూడో పేరా దగ్గర ఆగాడు. నా ముఖం చూడలేదు. మళ్లీ టైపు చేశాడు.

బాలకృష్ణ గారికి ఎలా తెలిసిందో, వసారాలో పట్టుకున్నారు. "నీకు పిచ్చా? ఎవరైనా ఇట్ల రాసిస్తారా? రేపు ఎవడైనా ఈ కాగితం ఎత్తుకొని ఫిర్యాదు జేస్తే నీ వకీలు సనదు పోతది. ఇంకా మూడేండ్లు గాలా నువ్వు కోటేసుకొని."

"వేరే కారణం లేదు సార్."

"జ్వరమని రాయి. ఎవురొచ్చి చూస్తారు నీ జ్వరాన్ని?"

"సభలో నేను మాట్లాడటం వంద మంది చూశారు."

"జీవానందం ఉంటే నిన్ను తన్నేటోడు" అన్నారు. తేదీకి తన్నేవారా, కాగితానికి తన్నేవారా, చెప్పలేదు.

విచారణ బుధవారానికి పెట్టారు. అవతలి వాళ్లకు నోటీసు వెళ్లాలి కదా.

జులై 22, మంగళవారం

కంచె నాలుగు వైపులా అయిపోయింది. కుంట దగ్గర గేటు పెట్టి తాళం వేశారని అమ్మ ఫోన్.

జులై 23, బుధవారం

మా వాళ్లు ముప్పై మంది వచ్చారు. ఈసారి లోపలికి వచ్చి గోడ పొడవునా నిలబడ్డారు.

జడ్జి గారు నా ప్రమాణ పత్రం మొత్తం చదివారు. ఇంగ్లీషులోనే ఏదో అడిగారు, ఇంగ్లీషులోనే అవునన్నాను. మా వాళ్లకు ఒక్క ముక్క తెలియలేదు. తర్వాత జడ్జి గారు, అదీ ఇంగ్లీషులోనే, వకీలు పొరపాటుకు కాపర్లను శిక్షించలేనని, వచ్చే వాయిదా దాకా ఇద్దరూ యథాతథ స్థితిని కాపాడాలని చెప్పారు.

కంపెనీ వకీలు లేచి, అభ్యంతరం లేదన్నాడు. వెంటనే. నవ్వుతూ కూడా కాదు, మర్యాదగా.

అతను ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు వెలిగింది. కంచె పడక ముందుకు మమ్మల్ని వెనక్కి తీసుకుపొమ్మని, పదహారో తేదీ నాటి స్థితి కావాలని లేచి అడిగాను. అది తుది విచారణలో చూద్దామన్నారు. తుది విచారణ అంటే ఏళ్లు.

బయటికి రాగానే మామ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అల్లుడా, వాళ్లు గూడా ఒప్పుకున్న్యారంట గదా. గెలిచినట్లే గదా."

వెనక ఎవరో ఈల వేశారు. ఒకాయన టీలు తెస్తానని పరుగెత్తాడు. రేపు తెల్లారి మంద ఎవరిది ముందు పోవాలో కూడా మాట్లాడుకుంటున్నారు.

"మామా, కూర్చో."

"కూచునేదేముంది, చెప్పు."

"యథాతథం అంటే ఈ రోజు ఏది ఎట్లుందో అది అట్లే ఉండాలని. మనమూ కదిలించకూడదు, వాళ్లూ కదిలించకూడదు."

"ఊఁ."

"ఈ రోజు కంచె ఉంది మామా. కుంట లోపలుంది. మన జీవాలు బయట ఉన్నాయి."

మామకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వెనక ఉన్నవాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి అర్థమైంది. టీలకు పోయినాయన గ్లాసులు పట్టుకుని వచ్చి, ఎవరూ అందుకోకపోతే అలాగే నిలబడ్డాడు.

మామ వసారా మెట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మోకాళ్ల మీద వేసుకున్నాడు.

"తప్పు నాదే అల్లుడా" అన్నాడు. "ఎవురితోనూ చెప్పలా ఇన్ని దినాలు. ఆ పొద్దు మీటింగులో నన్నెవరో పేరు పెట్టి పిలిచినట్లయింది. లేసినా. నువ్వు కూచోమంటివి. నాకే చెవుల్లో ఏదో మోగింది గాబోలు, నీకు వినపడలా గదా అనుకొని కూచున్న్యా. ముసలోణ్ణి అయిపోతి. చెవులు పోయినాయి. అప్పుడు నేను పోయుంటే…"

ముప్పై మంది వింటున్నారు. స్టీఫెన్ అన్న టైపు మిషన్ దగ్గర నుంచి చూస్తున్నాడు.

"నీ చెవులు బాగానే ఉన్నాయి మామా" అన్నాను. "నాక్కూడా వినపడింది."